కుళాయి డాక్టరమ్మ

మత్తు డాక్టరు చేసే పనేమిటని అడిగితే నూటికి తొంభైమంది "సూదేసి నిద్రపుచ్చడం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నిద్రపుచ్చడానికి ఎంతసేపు, అర నిమిషం. ఆ తరవాత ఆరు గంటలో ఎనిమిది గంటలో ఆ మనిషి ఊపిరికి, గుండెకి, నెత్తురుకి, ఒంటి వేడికి, మూత్రానికి, అన్నిటికీ ఒక్కరే కాపలా. తిరిగి లేపి, పలకరిస్తే పేరు చెప్పేట్టు ఇంటివాళ్ళకి అప్పగించేదాకా ఆ కాపలా తీరదు. పేషెంటు మాత్రం కోసినాయన కాళ్ళకి దణ్ణంపెట్టి ఇంటికి పోతాడు. కాపలా కాసిన మనిషి మొహం కూడా గుర్తుండదు.

నేను మత్తు డాక్టర్ల దగ్గర టెక్నీషియన్ని. సిరంజీల్లో మందులు నింపి వరసగా పెట్టడం, పైపులు బిగించడం, మిషన్లు సరిచూడటం నా పని. ఇరవయ్యారేళ్ళుగా అదే థియేటరు, అవే ఆకుపచ్చ గుడ్డలు. డాక్టర్లు, నర్సులు అందరూ నన్ను బాబాయ్ అంటారు. నా నోరు మంచిది కాదని కూడా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

మాది లివరూ పాంక్రియాసూ ఆపరేషన్లు చేసే థియేటరు. లివర్ నిండా నెత్తురే. ఒంట్లో నీరు ఎక్కువైతే దాని రక్తనాళాలు ఉబ్బుతాయి, ఉబ్బినవాటి మీద కత్తి పడితే ఆగదు. అందుకని లివర్ కోసేటప్పుడు మనిషిని కాస్త ఎండబెట్టి ఉంచాలి, సెలైన్ బొట్టు బొట్టుగా లెక్కపెట్టి ఇవ్వాలి. మరీ ఎండబెట్టారో, కిడ్నీలు మొరాయిస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ సందులోంచి మనిషిని క్షేమంగా నడిపించడం ఎంత చదువుకున్నా అందరికీ రాదు. మా పెద్ద మేడమ్‌కి వచ్చు.

ఆవిడ పొట్టిగా, సన్నగా ఉంటారు. యాభై ఎనిమిదేళ్ళు. సెలైన్ దగ్గర ఆవిడ పిసినారితనం చూసి నర్సులు "ఎండాకాలం మేడమ్" అని పేరు పెట్టారు. ఆవిడకీ తెలుసు. "ఎండాకాలం వచ్చేసింది, ఏసీ చూసుకోండి" అని తనే అంటూ లోపలికి వస్తారు. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. ఆవిడ పేషెంటు తల దగ్గర కూర్చుంటే మా పెద్ద సర్జన్‌గారు కూడా చేతులు కాస్త ఒద్దికగా కదుపుతారు. ఆయన ఆరడుగుల మనిషి, మాట్లాడితే గోడలు అదురుతాయి.

మేడమ్ ఏడాదికి ఒక్కరినే శిష్యరికానికి తీసుకుంటారు. వచ్చేవాళ్ళు అప్పటికే మత్తు డాక్టర్లు, పరీక్షలన్నీ గట్టెక్కినవాళ్ళు. అయినా ఈ పని కోసం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. కిందటేడు వచ్చిన డాక్టరమ్మకి ముప్ఫై రెండేళ్ళు. నాలుగేళ్ళు యాక్సిడెంటు కేసుల ఆసుపత్రిలో చేసొచ్చింది. అక్కడ నెత్తురోడుతూ వచ్చినవాళ్ళకి రెండు చేతులకీ సెలైన్లు తగిలించి బర్రున వదలడమే ప్రాణం నిలబెట్టడం. ఆ అలవాటు ఆమె చేతుల్లో ఇంకిపోయింది.

రెండో నెలలో అది బయటపడింది. సర్జన్‌గారు లివర్‌ని చేత్తో ఎత్తి పక్కకి తిప్పారు. బీపీ నూట పది నుంచి అరవైకి జారింది. డాక్టరమ్మ చెయ్యి ఆలోచించకుండా సెలైన్ వదిలే చక్రం మీదికి పోయింది. మేడమ్ రక్తపరీక్ష కాగితం చూసి తలెత్తేలోపు సగం సంచి లోపలికి వెళ్ళిపోయింది. సర్జన్‌గారు లివర్ కింద పెట్టగానే బీపీ దానంతటదే లేచింది. పోసిన నీళ్ళు మాత్రం ఒంట్లోనే ఉన్నాయి, రక్తనాళాలు ఉబ్బిపోయాయి. కోత మొదలుపెట్టాక నెత్తురు ఆపలేక సర్జన్‌గారు నానా తంటాలూ పడ్డారు. పేషెంటు బతికి బట్టకట్టాడు కానీ నాలుగు సంచుల రక్తం ఎక్కించాల్సొచ్చింది.

సాయంత్రం మేడమ్ ఆమెని కూర్చోబెట్టుకున్నారు. నేను సిరంజీలు సర్దుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

"తోటలో నీళ్ళ పైపు మెలికపడి నీళ్ళు రావట్లేదనుకో. కుళాయి ఇంకా తిప్పుతావా అమ్మాయ్, మెలిక తీస్తావా?"

"మెలిక తీస్తాను మేడమ్."

"లివర్ తిప్పితే దాని వెనకున్న పెద్ద సిర అలాగే మెలికపడుతుంది. గుండెకి రక్తం చేరదు, బీపీ పడిపోతుంది. మరి ఆ మెలిక ఎవరి చేతిలో ఉంది?"

"సర్జన్‌గారి చేతిలో."

"ఆయనకి చెప్పవేం?"

డాక్టరమ్మ తల దించుకుంది. "భయమేసింది మేడమ్."

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. మర్నాటికల్లా ఆమెకి "కుళాయి" అని పేరు పెట్టేశాను. రెండు రోజుల్లో అంతస్తు అంతస్తంతా పాకింది. పొద్దున్నే థియేటర్లోకి అడుగుపెట్టగానే "ఇంట్లో కుళాయి కట్టేసి వచ్చారా డాక్టరమ్మా" అనేవాణ్ణి. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, మారుమాట అనేది కాదు. నాకు అదింకా అలుసైంది.

మేడమ్ ఆమెకి చేసిన మొదటి పని కుర్చీ లేకుండా చెయ్యడం. "ఇరవై ఆపరేషన్లు తల దగ్గర కాదు, పొట్ట దగ్గర నిలబడు" అన్నారు. మత్తు డాక్టరుకి మామూలుగా కనిపించేది గుడ్డ తెరకి ఇవతలి పక్కే, అవతల ఏం జరుగుతోందో మిషన్ మీద అంకెలు చూసి పోల్చుకోవాలి. ఈమె సర్జన్‌గారి భుజం వెనక పీట మీద నిలబడి, లివర్‌ని, దాని రక్తనాళాలు ఎంత ఉబ్బాయో కళ్ళారా చూస్తుండాలి. మధ్యమధ్యలో ఇవతలనుంచి మేడమ్ గొంతు వినిపించేది.

"ఇప్పుడు సిరలో ప్రెషర్ ఎంత? ఇటు చూడకుండా చెప్పు."

మొదట్లో నాలుగుంటే తొమ్మిదనేది. నేను లోలోపల సంబరపడేవాణ్ణి. ఐదో నెల వచ్చేసరికి నాలుగుంటే నాలుగనేది, ఆరుంటే ఆరనేది. ఒకరోజు ఆమె మూడంటే మిషన్ ఆరు చూపించింది. దొరికావులే అనుకున్నాను. మేడమ్ లేచి చూస్తే, ప్రెషర్ కొలిచే పెట్టె స్టాండు మీద రెండంగుళాలు కిందికి జారి ఉంది, అందుకే అంకె ఎక్కువ చూపిస్తోంది. దాన్ని బిగించాల్సింది నేను. సరిచేశాక మూడే వచ్చింది. నేను సిరంజీలు సర్దుకోవడంలో పడ్డాను.

పాంక్రియాస్ ఆపరేషన్లలో ఇంకో రకం చాకిరీ. ఎనిమిది గంటలు నడుస్తాయి. ఒకాయనకి పాంక్రియాస్ మొత్తం తీసేశారు. అది పోయాక ఒంట్లో చక్కెర పగ్గాల్లేని గుర్రమే. అరగంటకోసారి బొట్టు తీసి చూసుకుంటూ, ఇన్సులిన్ ఇంత పెంచి ఇంత తగ్గిస్తూ, ఆమె ఆ ఎనిమిది గంటలూ మంచినీళ్ళకి కూడా లేవలేదు. వెన్నులో సన్న గొట్టం పెట్టి నొప్పి మందు ఇచ్చేది కూడా ఆమే. మర్నాడు పొద్దున వార్డుకి పోయి ప్రతి పేషెంటునీ "ఏదీ, ఒకసారి దగ్గండి" అని అడిగేది. పొట్ట కోసినవాళ్ళు నొప్పికి దడిసి దగ్గరు, దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. పాంక్రియాస్ తీసేసినాయన హాయిగా దగ్గాడు. ఆమె మొహం చూస్తే ఎవరో బహుమతి ఇచ్చినట్టుంది.

ఇన్ని వచ్చినా గొంతు మాత్రం లేవలేదు. బీపీ జారుతుంటే "సర్, ఏమీ అనుకోకపోతే, మీకు వీలు చూసుకుని కొంచెం..." అని మొదలుపెట్టేది. ఆ ఆరడుగుల మనిషికి అదెక్కడ వినపడుతుంది. మేడమ్ తనే చెప్పి కింద పెట్టించేవారు.

"నీ మర్యాదలు పూర్తయ్యేలోపు బీపీ నలభైకి వస్తుంది. 'లివర్ కింద పెట్టండి'. మూడే మాటలు. 'పెట్టండి' అన్నావు కదా, మర్యాద అందులోనే ఉంది. ఇంకెంత కావాలి?"

రోజూ పని మొదలయ్యేముందు స్టోర్ రూములో తలుపేసుకుని ఆ మూడు మాటలూ ఇరవైసార్లు గట్టిగా అనమన్నారు. ఆమె అనేది. లోపల ఆక్సిజన్ సిలిండర్లు తప్ప వినేవాళ్ళు లేరు. బయటికి రాగానే నేను సిద్ధంగా ఉండేవాణ్ణి. "సిలిండర్లు మాట విన్నాయా డాక్టరమ్మా? కింద పెట్టాయా?" ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదకొండో నెలలో పిడుగు నా ఇంటి మీదే పడింది. నా చెల్లెలికి లివర్లో గడ్డ అని తేలింది. కుడిపక్క, గుప్పెడంత. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు, బడికి పంపేముందు దానికి జడలు వేసింది నేనే. ఇప్పుడు సొంతంగా కుట్టుపని చేసుకుంటుంది, నలుగురు ఆడవాళ్ళకి పని చూపిస్తుంది. సర్జన్‌గారు స్కాన్ చూసి, కుడి సగం తీసేస్తే బతుకుతుందని చెప్పారు. మిగతాది ఎవరు కూర్చుంటారన్నదాని మీద ఉంది. మేడమ్ ఉండగా నాకేం భయమని ఆవిడ గదికి వెళ్ళాను.

"నీ చెల్లెలికి ఆ అమ్మాయి మత్తిస్తుంది. నేను పక్కనుంటాను" అన్నారు.

నా చెవులు సరిగ్గానే విన్నాయా అనిపించింది. "కుళాయా?"

"ఆమెకో పేరుంది బాబాయ్."

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికి మీరు కూర్చోండి. నేర్చుకోడానికి నా చెల్లెలే దొరికిందా?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేర్చుకోవడం అయిపోయింది. ఇప్పుడు చేస్తోంది. నీ చెల్లెలికి పనికిరాని చెయ్యి ఇంకొకరి చెల్లెలికి ఎలా పనికొస్తుంది? ఈ పదకొండు నెలలూ వాళ్ళందరికీ ఆమె మత్తిస్తుంటే నువ్వు నవ్వుతూ సిరంజీలు అందించావు కదా."

జవాబు లేనప్పుడు నాకు మొండితనం వస్తుంది. "అయితే లోపల టెక్నీషియన్‌గా నేనే ఉంటాను. లేకపోతే దాన్ని వేరే ఆసుపత్రికి తీసుకుపోతాను" అన్నాను. సొంత మనుషుల ఆపరేషన్లో ఉండకూడదన్నది మా దగ్గర నియమం. మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"సరే. కానీ నీ చేతులు ఆమె చెప్పినదానికి తప్ప కదలకూడదు."

"కదలవు" అన్నాను.

ఆ రోజు పొద్దున చెల్లెల్ని బల్ల మీద పడుకోబెట్టారు. "అన్నయ్యా, ఇక్కడే ఉంటావుగా" అంది. ఉంటానన్నాను. డాక్టరమ్మ దాని చెయ్యి పట్టుకుని, ఏం చెయ్యబోతోందో ఒక్కొక్కటే చెప్పింది. మాస్కు పెడుతూ "మీరు కుట్టిన బట్టల్లో మీకు బాగా నచ్చిందేదో చెప్పండి" అంది. మా చెల్లెలు ఏదో నీలం రంగు గౌను గురించి మొదలుపెట్టి, మధ్యలో నిద్రలోకి జారుకుంది. మేడమ్ గోడ పక్కన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

రెండు గంటలు నల్లేరు మీద బండిలా నడిచింది. సిరలో ప్రెషర్ మూడు, నాలుగు. డాక్టరమ్మ కళ్ళు మిషన్ మీద, తెర అవతల, మూత్రం సంచి మీద, మళ్ళీ మిషన్ మీద. తప్పు పట్టడానికి నాకేమీ మిగల్చలేదు.

అప్పుడు సర్జన్‌గారు కుడి లివర్‌ని ఎత్తి ఎడమకి తిప్పారు. గడ్డ వెనక ఏదో అతుక్కుపోయి ఉంది, ఇంకొంచెం తిప్పారు. బీపీ నూట ఐదు. తొంభై. డెబ్బై. మిషన్ కూతపెట్టింది. యాభై రెండు.

ఇరవయ్యారేళ్ళ సర్వీసు. లివర్ తిప్పితే బీపీ పడుతుందని నాకు తెలియదా? నేనే ఎవరికైనా పాఠం చెప్పగలను. కానీ ఆ క్షణాన అక్కడ పడుకున్నది పేషెంటు కాదు. రెండు జడల పిల్ల చచ్చిపోతోంది. నా చెయ్యి సెలైన్ చక్రాన్ని మొత్తం తెరిచేసింది. ఎవరూ చెప్పలేదు. తెరిచానన్న సంగతి కూడా నాకు తెలియలేదు, నా చేతి మీద ఇంకో చెయ్యి పడేదాకా.

డాక్టరమ్మ ఎడమచేత్తో నా వేళ్ళతో సహా చక్రాన్ని మూసేస్తోంది. ఆమె నావైపు చూడటం లేదు.

"లివర్ కింద పెట్టండి."

సర్జన్‌గారు తలెత్తలేదు. "ఒక్క నిమిషం, అయిపోతుంది."

"బీపీ యాభై. లివర్ కింద పెట్టండి."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అరుపు కాదు, బతిమాలడం అంతకన్నా కాదు. తలుపు గడియ పడ్డట్టుంది. సర్జన్‌గారు లివర్ కింద పెట్టారు. అంకెలు ఆగాయి. అరవై. ఎనభై. తొంభై ఎనిమిది.

"థాంక్యూ సర్. రెండు నిమిషాలు ఇవ్వండి, తరవాత కొంచెం కొంచెంగా తిప్పుదాం, నేను చెబుతుంటాను" అంది. అప్పుడు నావైపు తిరిగింది. "బాబాయ్ గారూ, మీరు బయటికెళ్ళండి. రెండో టెక్నీషియన్ని పంపించండి."

"డాక్టరమ్మా, ఇంకెప్పుడూ..."

"బయటికెళ్ళండి."

నేను మేడమ్ వైపు చూశాను. పాతికేళ్ళ పరిచయం, ఒక్క మాట సాయం చేస్తారనుకున్నాను.

"డాక్టరుగారు చెప్పింది వినపడలేదా?" అన్నారు మేడమ్. పదకొండు నెలల్లో ఆమెని అమ్మాయ్ అని తప్ప డాక్టరుగారని ఆవిడ అనడం అదే మొదలు.

బయట బెంచీ మీద మూడున్నర గంటలు కూర్చున్నాను. పక్కన మా బావ ఉన్నాడు, నా చెల్లెలి మొగుడు. "లోపల ఉంటానన్నావుగా" అన్నాడు. నేను థియేటరు తలుపు వైపు తిరిగి కూర్చున్నాను. బయట కూర్చునేవాళ్ళ బాధ ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆలోచించలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. మూసిన చక్రం మళ్ళీ నేను తెరిచినట్టే అనిపించేది. దేవుడా, ఆ నాలుగు చుక్కలూ దాన్ని ఏమీ చెయ్యకుండా చూడమని మొక్కుకున్నాను.

చివరికి మేడమ్ వచ్చారు. "బాగుంది. లేచింది, పేరు చెప్పింది. ఒక్క సంచి రక్తం కూడా ఎక్కించలేదు."

బావ అక్కడే కూలబడి ఏడ్చేశాడు. నేను అతణ్ణి లేపి బెంచీ మీద కూర్చోబెట్టాను. తరవాత అడిగాను. "నేను సెలైన్ తెరిస్తే మీరు లేచి ఆపలేదేం మేడమ్?"

"సగం లేచాను. అప్పటికే ఆమె చెయ్యి నీ చేతి మీదుంది, మాట సర్జన్ వైపు పోయింది. నాకు ఇంక పనేముందని కూర్చున్నాను." అలా అని ఆవిడ మాస్కు తీసి మొహం తుడుచుకున్నారు. "నిన్ను లోపలికి రానివ్వడం నా తప్పు. అది నేను రాసి పైకి పంపుతున్నాను. నీ తప్పు నువ్వు రాయి."

రాశాను. ఎంత సెలైన్ పోయిందో డాక్టరమ్మ చీటీలో చూశాను. "టెక్నీషియన్ తెరిచారు, ముప్ఫై ఐదు మిల్లీలీటర్లు, నేను మూశాను" అని ఉంది. ఒక అక్షరం ఎక్కువ లేదు, ఒక అక్షరం తక్కువ లేదు.

మూడోరోజు చెల్లెలు మంచం పక్కన కుర్చీలో కూర్చునే స్థితికి వచ్చింది. నేను వెళ్ళేసరికి దాని దగ్గర పనిచేసే ఆడవాళ్ళు నలుగురూ చుట్టూ చేరారు, అది జోరుగా చెబుతోంది.

"నాకసలు భయమే వెయ్యలేదు. మా అన్నయ్య లోపలే ఉన్నాడు కదా. మొదట్నుంచి చివరిదాకా నా తల దగ్గరే ఉన్నాడు. అన్నయ్య లేకపోతే నేనీపాటికి గోడ మీద ఫోటో అయ్యేదాన్ని."

ఆ నలుగురూ నావైపు తిరిగి అదో రకంగా చూశారు, దేవుణ్ణి చూసినట్టు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వార్డులోకి వచ్చింది. ఆ మాటలు ఆమె వింది. ఏమీ అనలేదు, మంచం చివర కాగితాలు తీసి చూసుకుంటోంది. నేను కూడా ఊరుకుంటే సరిపోయేది. నా ఇరవయ్యారేళ్ళ పరువు నాకు దక్కేది.

"నేను లేను" అన్నాను.

"ఏంటన్నయ్యా?"

"చివరిదాకా లేను. నీ బీపీ పడిపోయింది. కంగారులో నేను సెలైన్ వదిలేశాను. అది అలాగే పోయుంటే నెత్తురు ఆగేది కాదు. ఈవిడ నా చేతిని పట్టి ఆపింది. సర్జన్‌గారికి ఎదురు చెప్పి నిన్ను బతికించింది. నన్ను బయటికి గెంటేసింది. ఇన్ని నెలలూ నేను కుళాయి, కుళాయి అని ఎగతాళి చేసింది ఈవిడనే." ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను. "క్షమించండి డాక్టరుగారూ."

డాక్టరమ్మ కాగితాలు కింద పెట్టింది. "నాకూ కంగారు పుట్టింది బాబాయ్ గారూ. మిమ్మల్ని పంపేశాక ఐదు నిమిషాలు కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. మేడమ్ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు."

చెల్లెలు నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూసింది. నేను దాని కళ్ళలోకి చూడలేకపోయాను. అది కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"బయటికి పంపారా? మా అన్నయ్యనా?" అంది డాక్టరమ్మతో. "పెళ్ళిచూపుల్లో, బేరాల్లో, నా పురిటి గదిలో, ఎక్కడా ఈయన్ని బయటికి పంపడం ఎవరి వల్లా కాలేదు డాక్టరుగారూ. మా ఆయనైతే ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాడు. అలాంటిది మీరు పంపారంటే, నేను బతకడంలో వింతేముందండీ."

వార్డంతా నవ్వింది. కుట్లు లాగి చెల్లెలు పొట్ట పట్టుకుంది, అయినా నవ్వు ఆపలేదు. రెండో చెయ్యి చాచి డాక్టరమ్మ చెయ్యి అందుకుని కళ్ళకి అద్దుకుంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను, ఎవరు చూస్తే చూడనీ అనుకున్నాను.